మా బడి పిల్లలు ఎటు పోయారు

ఇటు రా మనోజ్ఞా, ఆ ఫోను అవతల పెట్టి నా పక్కకు జరుగు. చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్తాను, నువ్వూ ఒక గుప్పెడు తీసుకో. మన మొయినాబాద్‌కు మునిసిపాలిటీ ఎన్నికలు వచ్చినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు కాబట్టి నీకు చివరి ముక్క ఒక్కటే తెలుసు. ప్రవీణ నిలబడింది, ఓడిపోయింది అని. అసలు సంగతి అది కాదు. మొదటి నుంచీ విను, మధ్యలో లేవకు.

నా చదువు రెండో తరగతి, అదీ సగమే. కానీ మన వాడ బడిలో పద్దెనిమిదేళ్ళుగా మధ్యాహ్నం వంట చేస్తున్నాను. ఏ పిల్ల ఏ ఏడు చేరింది, ఎవరికి వంకాయ పడదు, ఎవరు గుడ్డులో పచ్చసొన తీసి పక్కవాడి పళ్ళెంలో పడేస్తారు, అన్నీ నాకు గుర్తే. రోజూ పొద్దున శంకరయ్య సారు హాజరు పిలిచి, ఇవాళ ఇంతమంది అని చెప్తాడు. దాన్నిబట్టి బియ్యం కొలుస్తాను. మొదట్లో ఆ లెక్క ఎనభై దాకా ఉండేది. అరవై అయింది, నలభై అయింది. ఎన్నికల ఏడాదికి పదకొండు. అందులోనూ నలుగురు ఐదో తరగతి పిల్లలు, వేసవి సెలవులు రాగానే వెళ్ళిపోయేవాళ్ళు.

ఒకరోజు పళ్ళేలు కడుగుతుంటే సారు వచ్చి నా వెనక నిలబడ్డాడు. పాపం మంచివాడు, తాండూరు నుంచి బస్సు మీద వచ్చేవాడు.

"అరుణమ్మా, జూన్‌ల కొత్త పిల్లలు రాకుంటే మన బడి ఉండదంట. రోడ్డవతల బడిల కలుపుతరంట" అన్నాడు.

"అంటే ఈ ఏడుగురు గా పెద్ద రోడ్డు దాటాల్నా సారూ?"

"దాటాలె."

ఆ రోడ్డు నీకు తెలుసు కదా. చేవెళ్ళ వైపు లారీలు, ఇటు మెహదీపట్నం బస్సులు, మధ్యలో ఫామ్‌హౌసులకు పోయే కార్లు. నేనే అటూ ఇటూ చూసి, దండం పెట్టుకుని దాటుతాను. ఆరేళ్ళ పిల్లలు ఎలా దాటుతారు? ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఇంకొక మాట కూడా మనసులో ఉండేది. ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు నీతో అంటున్నాను. ఎన్నికలకు రెండేళ్ళ ముందు ఒకసారి కందిపప్పు రావడం ఆలస్యమైంది. ఉన్న పప్పులోనే నీళ్ళు పోసి ఒక నెల నెట్టుకొచ్చాను. పప్పు అనాలంటే సిగ్గేసేది, పసుపు నీళ్ళలా ఉండేది. సరిగ్గా ఆ నెలలోనే తొమ్మిదిమంది పిల్లలు మానేసి ప్రైవేటు బడికి వెళ్ళిపోయారు. శిరీష కొడుకు వంశీ, సమత ఇద్దరు బిడ్డలు, ఇంకా మిగతావాళ్ళు. అప్పటి నుంచి నాకు ఒకటే అనుమానం. నా వంట వల్లే పోయారేమో అని. సారు "ఇంగ్లీషు కోసం పోయిన్రు" అనేవాడు. నేను తల ఊపేదాన్ని, లోపల మాత్రం ఆ పప్పే మెదిలేది.

అలాంటి రోజుల్లో ఎన్నికలు వచ్చాయి. మన వార్డు ఆడవాళ్ళకు పోయింది. రోడ్డు మీద సిమెంటు దుకాణం ఉంది చూడు, భూపాల్‌ది, ఆయన తనే నిలబడాలని రెండేళ్ళ నుంచి పెళ్ళిళ్ళకూ చావులకూ తిరిగాడు. తీరా సీటు ఆడవాళ్ళదయ్యే సరికి భార్యను నిలబెట్టాడు. ఆమే ప్రవీణ. పుట్టిల్లు చేవెళ్ళ. డిగ్రీ చదివింది కానీ గడప దాటి మాట్లాడగా ఎవరూ వినలేదు. పేరు ఆమెది, పెత్తనం ఈయనది అని అందరూ ముందే నిర్ణయించుకున్నారు.

భూపాల్ రంగురంగుల కాగితాలు అచ్చేయించాడు. గెలిస్తే ప్రతి సర్కారు బడికీ గోడంత కంప్యూటరు బోర్డు, కొత్త బెంచీలు, రంగులు. ఆ కాగితం సారుకు చూపించడానికి ప్రవీణ ఒకరోజు మధ్యాహ్నం బడికి వచ్చింది. నేను వడ్డిస్తున్నాను. ఆమె కాగితం సంచిలోంచి తీయనే లేదు. పిల్లల వరస చూసింది. వరండా ఎంత పొడుగుందో చూసింది. ఆ పొడుగులో పదకొండుమంది ఒక మూలన కూర్చుని ఉన్నారు.

"అవ్వా, పిల్లలు ఎందుకు వస్తలేరు?" అని నన్ను అడిగింది.

నేను తలెత్తకుండా ఇంకో గరిటె పప్పు వడ్డించాను.

"నన్నేం అడుగుతవ్ బిడ్డా, నేను వంట మనిషిని. సారును అడుగు" అన్నాను.

సారు ఎప్పటి మాటే చెప్పాడు. "ఇంగ్లీషు మేడం."

"ఇక్కడ గూడ ఇంగ్లీషే చెప్తున్నరు గదా సారూ ఇప్పుడు. పుస్తకం ఒక దిక్కు తెలుగు, ఒక దిక్కు ఇంగ్లీషు. నేను చూసిన."

"చెప్తున్నం."

"మరి?"

సారు నెత్తి గోక్కున్నాడు. ప్రవీణ పిల్లల పక్కనే కూర్చుని ఒక పళ్ళెం అడిగి తిన్నది. "పప్పు మంచిగున్నదవ్వా" అంది. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళకు అందరి పప్పూ మంచిగానే ఉంటుంది కదా, నేను నమ్మలేదు. పోయేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు నాతోని రా అవ్వా. ఏ ఇంట్ల ఏ పిల్లగాడున్నడో నీకు తెలిసినట్లు నాకు తెల్వది. ఇంటింటికి పోయి అడుగుదాం."

సరే అన్నాను. నా పప్పు మాట ఎవరైనా ఎత్తుతారేమో నా చెవులతో నేనే వినాలనుకున్నాను.

మూడు సాయంత్రాలు తిరిగాం. పగలు పోతే అన్ని ఇళ్ళకూ తాళాలే, అందుకే దీపాలు పెట్టే వేళకు పోయేవాళ్ళం. ముందు జెండాలు, డప్పు, వెనక భూపాల్, ఆయన పక్కన ప్రవీణ, చివరన నేను. ఏ ఇంటికి పోయినా మగవాళ్ళు కుర్చీలు తెచ్చి వేసేవాళ్ళు. ప్రవీణ ఓటు మాట కంటే ముందు బడి మాట అడిగేది. జవాబు మాత్రం అచ్చు గుద్దినట్లు ఒకటే. ఇంగ్లీషు మేడం, ఇంగ్లీషు.

"చెప్పిన గద, బోర్డులు పెడితే అదే సెట్ అయితది" అనేవాడు భూపాల్.

"మన బడిల ఇంగ్లీషు లేదని నీకు ఎవలు చెప్పిన్రన్నా?" అని ప్రవీణ అడిగితే ఆ మనిషి అటూ ఇటూ చూసి, "అంటే... అందరు అంటున్నరు" అనేవాడు. ఒక్కరు కూడా ఈ బడి మెట్టు ఎక్కి చూసినవాళ్ళు కారు.

మూడో సాయంత్రం శిరీష ఇంటికి పోయాం. ఆమె మొగుడు కుమార్, మేస్త్రీ పని. ఆయనా అదే పాట పాడాడు. వంశీ మెడలో టై విప్పకుండానే చాప మీద నిద్రపోతున్నాడు. ఇంకా రాత్రి ఏడు గంటలు కూడా కాలేదు.

"గింత జల్దీ పండుకున్నడేంది?" అని ప్రవీణ అడిగింది.

"పొద్దుగాల ఏడింటికి వ్యాన్ వస్తది మేడం. ఊరూరు తిరిగి తొమ్మిదింటికి బడిల దింపుతది. అలసిపోతడు" అన్నాడు కుమార్.

వాళ్ళు ముందు గదిలో మాట్లాడుతుంటే నేను వెనక్కి పోయాను. శిరీష అంట్లు తోముతోంది. ఇక ఆపుకోలేకపోయాను.

"శిరీషా, నిజం చెప్పు. వంశీ నా పప్పు తినలేకనే పోయిండా?"

ఆమె నవ్వింది చూడు, ఆగకుండా నవ్వింది.

"ఏం పప్పు అవ్వా? వాడు ఇప్పటికి గూడ బుధవారం వస్తే అవ్వ గుడ్డు పెడ్తుండె అని ఏడుస్తడు. ఆ బడిల డబ్బాల సల్లటి అన్నం తినలేక సగం తిప్పి తెస్తడు."

"మరి ఎందుకు తీస్కపోయిన్రే?"

ఆమె ముందు గది వైపు చూసి గొంతు తగ్గించింది. "గీడ కాదు. పొద్దుగాల ఆరు కొట్టకముందే ఆటో ఆగే కాడికి రా. అందరం ఉంటం. మేడంను గూడ తీస్కరా. ఆమె ఇంటాయనను వద్దు."

ఇంటికి వచ్చేటప్పుడు నా కాళ్ళు ఎంత తేలికగా ఉన్నాయో. కానీ పప్పు కాకపోతే మరేమిటి? ఆ ప్రశ్నతో నిద్ర పట్టలేదు.

మర్నాడు చలి కొరుకుతోంది. ప్రవీణ ఒక్కతే స్కూటీ మీద వచ్చింది, కండువా లేదు, జెండా లేదు. ఆటో ఇంకా రాలేదు. పదిహేనుమంది ఆడవాళ్ళు తలకు రుమాళ్ళు కట్టుకుని, టిఫిన్ డబ్బాలు పట్టుకుని నిలబడ్డారు. చేవెళ్ళ దారిలో పూల షెడ్లు ఉన్నాయి కదా, గులాబీలు, జర్బెరాలు పెంచే తెల్లటి గుడారాలు, అక్కడికి పోయేవాళ్ళు. ఎండ రాకముందే పూలు కోయాలి, లేకపోతే రేకులు వాడిపోతాయి. వాళ్ళందరికీ పెద్ద ధనమ్మ. కూలీలను కూడగట్టేదీ ఆమే, ఆటోవాణ్ణి తిట్టేదీ ఆమే.

ధనమ్మ ప్రవీణను కింది నుంచి పైదాకా చూసింది.

"ఓట్లకు గింత పొద్దుగాల వచ్చినోళ్ళను నేను చూడలే. పండ్లన్న తోముకున్నవా బిడ్డా?"

"తోముకున్న అత్తమ్మా. చాయ్ మాత్రం తాగలే."

అందరూ నవ్వారు. ఎవరో ఫ్లాస్కులోంచి మూతలో పోసి ఇచ్చారు. అప్పుడు ప్రవీణ అడిగింది, పిల్లల్ని ఎందుకు పంపడం లేదని.

శిరీషే ముందు చెప్పింది. "మేడం, ఆయన ఐదున్నరకు పనికి పోతడు. నేను ఆరింటికి ఆటో ఎక్కుత. మీ బడి గేటు తొమ్మిదింటికి తీస్తరు. మూడు గంటలు నా కొడుకును ఎవలకు అప్పజెప్పాలె? వ్యాన్ ఏడింటికి ఇంటి ముంగటికి వస్తది. అప్పటిదాంక పక్కింటామె చూస్తది. గంట సేపు ఎవలన్న చూస్తరు, మూడు గంటలు ఎవలు చూస్తరు?"

"మరి ఇంగ్లీషు అంటరు అందరు?"

ధనమ్మ అందుకుంది. "పిల్లగాన్ని చూసుకునే దిక్కు లేదని మొగోడు నలుగురిల ఎట్ల చెప్తడు? ఇంగ్లీషు అంటే ఇజ్జత్ ఉంటది. మీరు పొద్దుమీకి పోయి మొగోళ్ళను అడిగితిరి, వాళ్ళు ఇంగ్లీషు అనిరి. వంటింట్లకు వచ్చి అడిగినోళ్ళు ఎవలు?"

ఆ మాటతో నా బుర్రలో ఒక్కొక్కటే కదిలింది. నేను అక్కడే వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టాను. వంశీ మానేసింది ఏ నెలలో? చేవెళ్ళ దారిలో మొదటి షెడ్డు తెరిచిన నెలలో. సమత బిడ్డలు? అదే నెలలో, సమత కూడా ఈ ఆటోలోనే కదా పోతున్నది. సాయి కిరణ్ మరుసటి ఏడు పోయాడు, వాళ్ళమ్మ రెండో షెడ్డులో చేరిన వారానికే. నీళ్ళ పప్పు నెలా, పూల షెడ్డు నెలా ఒకటే అయ్యాయి, నేను రెండేళ్ళు పప్పును పట్టుకుని కూర్చున్నాను. ఒక్కొక్కరి పేరూ చెప్తుంటే ఆ తల్లి "అవునవ్వా, నిజమే" అంటూ వచ్చింది. ప్రవీణ కన్నార్పకుండా నన్నే చూసింది.

ధనమ్మ ఊరుకునే రకం కాదు. "ఇంతకూ నీ బిడ్డ ఏ బడికి పోతది?"

ప్రవీణ మూతలో మిగిలిన చాయ్ వైపు చూసింది. "గా వ్యాన్లనే పోతది అత్తమ్మా. నేను గూడ ఇంగ్లీషు కోసమనే అందరికి చెప్పిన. పొద్దుగాల దుకాణం తెరిచేది నేనే, సిమెంటు లారీలు ఆరింటికే వస్తయి. పాపను చూసెటోళ్ళు లేరు. నేను గూడ అబద్ధమే చెప్పినన్నట్టు."

ఆటో వచ్చింది. వాళ్ళు ఇరుక్కుని కూర్చున్నారు. ధనమ్మ ఎక్కుతూ ఎక్కుతూ, "గిట్ల చెప్పుకుంటే ఓట్లు పడయి బిడ్డా" అంది.

ఆదివారం సిమెంటు దుకాణం ముందు వార్డు మీటింగు పెట్టారు. షామియానా, మైకు. భూపాల్ కాగితం చేతికిచ్చి చదవమన్నాడు. ప్రవీణ రెండు వరసలు చదివి ఆపేసింది.

"బోర్డు పెడితే మంచిదే. నేను వద్దంట లేను. గని మా బడిల పిల్లలు లేనిది బోర్డు లేక కాదు. నేను గెలిస్తే మొదటి పని, బడి గేటు ఆరింటికి తీపిస్త. తల్లులు పనికి పోతూ పోతూ పిల్లల్ని దింపి పోవాలె."

వెనక నుంచి అవతలి పార్టీవాడు ఒకడు అరిచాడు.

"బడి అనుకున్నవా, మేకల దొడ్డి అనుకున్నవా అక్కా?"

మగవాళ్ళు గొల్లుమన్నారు. భూపాల్ మొహం ఎర్రబడింది. మైకు అందుకోబోయాడు, ఆమె ఇవ్వలేదు.

ఇంకొకాయన, చదువుకున్న మనిషే, లేచి అడిగాడు. "కౌన్సిలర్‌కు సార్ల మీద అధికారం ఉంటదా?"

"ఉండదన్నా. సార్లు తొమ్మిదింటికే వస్తరు. ఆరు నుంచి తొమ్మిదిదాంక వరండా ఖాళీగా ఉంటది, గది అడుగుతున్న. చూసుకునే పెద్దమనిషి కావాలె, నల్లాల నీళ్ళు రావాలె, గేటుకు తాళం పడాలె. గివి వార్డు పనులే గదా."

"ఎవలు చూస్తరు?"

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను తల దించుకునేదాన్నేమో. చూడలేదు కాబట్టే లేచాను.

"నేను చూస్త. ఐదింటికే మెలకువ వస్తది నాకు. ఇంట్ల కూసొని చేసేదేమున్నది" అన్నాను. మైకు లేకపోయినా అందరికీ వినబడింది.

శంకరయ్య సారు మాత్రం మర్నాడు నన్ను పక్కకు పిలిచాడు. "అరుణమ్మా, పిల్లగానికి ఏమన్నయితే ఎవలు జవాబు చెప్పాలె? నేను తాండూరుల ఉంట. మీద నుంచి రాతపూర్వకంగ పర్మిషన్ రావాలె. ఒక్కరు కాదు, ఇద్దరు ఉండాలె." సారు మాటలో తప్పు లేదు. ఆ సంగతి ప్రవీణకు చెప్పాను. ఆమె తన కాగితం వెనకే రాసుకుంది.

ఓట్లు పడ్డాయి. ప్రవీణ ఓడిపోయింది. ఎక్కువ తేడా లేదు. బోర్డుల కాగితమే పూర్తిగా చదివి ఉంటే గెలిచేవాళ్ళమని భూపాల్ వారం రోజులు దుకాణంలో వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. కావచ్చు, ఎవరికి తెలుసు? గెలిచిన ఆమె మన బడి వైపు రాలేదు. ఇక ఏముంది, జూన్ వస్తుంది, ఏడుగురు పిల్లలు రోడ్డు దాటుతారు అనుకున్నాను. బడి సామాన్లు ఎన్ని ఉన్నాయో సారు రాసుకోవడం కూడా మొదలుపెట్టాడు.

పది రోజుల తర్వాత, సాయంత్రం, ప్రవీణ మా ఇంటికి వచ్చింది. ఆ కుర్చీలోనే కూర్చుంది.

"అవ్వా, ఆనాడు మీటింగుల చూస్త అన్నవ్. ఇప్పుడు గూడ అంటవా?"

"నువ్వు ఓడిపోతివి గద బిడ్డా."

"ఓడింది నేను. పిల్లలు గాదు గదా."

చూస్తానన్నాను. ఆమె అర్జీ రాసి తెచ్చింది. రెండో మనిషిగా తన పేరే వేసుకుంది. మరి దుకాణం ఎవరు తెరుస్తారని అడిగితే, "ఆయన తెరుస్తడు. లారీలు రాంగ నిద్ర ఎట్ల పడ్తదో చూస్త" అని నవ్వింది. ఆటో దగ్గరికి పోయి తల్లులందరితో సంతకాలు పెట్టించాం. ధనమ్మ వేలిముద్ర వేసి, కొంగుకు తుడుచుకుని, "ఓట్లు అయిపోయినంక గూడ వచ్చినవ్, నువ్వు పిచ్చిదానివా ఏంది?" అంది. ఆ మాట అన్నది తిట్టడానికి కాదు. మండలం ఆఫీసుకు మూడుసార్లు తిరిగింది ప్రవీణ. మొదటిసారి ఆఫీసరు లేడన్నారు, రెండోసారి ఇలాంటి కాగితం మేమెప్పుడూ చూడలేదన్నారు. మూడోసారి శంకరయ్య సారు కూడా సెలవు పెట్టి వెంట పోయాడు. అప్పుడు ఒక ఏడు చూద్దామని రాసిచ్చారు.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఐదున్నరకే పోయాం. వాన తుంపర పడుతోంది. గేటు తీసి, వరండా ఊడ్చి, చాపలు పరిచి కూర్చున్నాం. ఆరు దాటింది. ఎవరూ లేరు. ప్రవీణ రోడ్డు వైపే చూస్తోంది, నేను ఆమె వైపు చూడలేకపోయాను. అప్పుడు ఆటో వచ్చి రోజూ ఆగే చోట కాకుండా మన గేటు ముందు ఆగింది. ధనమ్మ తల బయటపెట్టి, "జల్దీ దిగుండ్రి, పూలు వాడిపోతయి" అని కసిరింది. శిరీష వంశీని ఎత్తి కిందికి దింపింది. వాడు సగం నిద్రలో ఉన్నాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు. అంతే, మొదటి రోజు ముగ్గురే.

ముగ్గురితో బడి ఆగదు. ఆ సంగతి సారుకు తెలుసు, నాకూ తెలుసు. ఆ వారమంతా రోజూ ఆటో రాగానే మనసులో లెక్కపెట్టేదాన్ని. ఐదుగురు. ఐదుగురే. ఎనిమిది. పిల్లలు భద్రంగా ఉన్నారా లేదా అని మిగతా తల్లులు చూస్తున్నారు, అది వాళ్ళ తప్పా? నెల తిరిగేసరికి కొత్తవాళ్ళు పదహారుమంది చేరారు. సారు ఆ లెక్క పైకి పంపాడు. ఈ ఏడుకు బడి కలపడం లేదని కాగితం వచ్చింది. వచ్చే ఏడు సంగతి మళ్ళీ చూస్తారట. చూడనీ.

ప్రవీణ బిడ్డ ఇంకా ఆ వ్యాన్‌లోనే పోతోంది. భూపాల్ ఒప్పుకోలేదు. ఆ మాట కూడా దాచకుండా చెప్తున్నాను, ఎందుకంటే రేపు నువ్వు చెప్పేటప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు.

అవును, నువ్వు చెప్పాలి మనోజ్ఞా. హాస్టల్లో నీ స్నేహితురాళ్ళు ఎన్ని ఊళ్ళ నుంచి వచ్చారో నువ్వే అన్నావు. వాళ్ళ ఊళ్ళలోనూ పిల్లలు తగ్గిన బడులు ఉంటాయి, పొద్దున్నే పనికి పోయే తల్లులు ఉంటారు. ప్రవీణ ఓడిపోయిందని ఒక్క ముక్కతో సరిపెట్టకు. ఆటో ఆగే చోటికి చీకటితో పోయి తల్లులను అడిగిందని చెప్పు, వాళ్ళు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే చెప్పు. పేర్లు మరచిపోతే ఇప్పుడే మళ్ళీ అడుగు, నేను ఉండగానే.